నైరుతి వైపు కిటికీ

ఆ ఆదివారం పొద్దున సీతాలు చేయాల్సిన పనులు ఇవి.

కుళాయి వచ్చేలోపల బిందెలు తోముకోవాలి. అరుగు మీద, కిటికీ చువ్వల మీద రాత్రంతా పడిన బొగ్గు పొడిని తడిగుడ్డతో తుడవాలి; పొడిగుడ్డతో తుడిస్తే లేచి మళ్ళీ అక్కడే కూచుంటుంది. పొద్దుటి షిఫ్టుకి వెళ్ళే మొగుడికి క్యారేజీ కట్టాలి. అందులో పచ్చడి విడిగా చిన్న డబ్బాలో పెట్టాలి, అన్నానికి తగిలితే ఆయనకి నచ్చదు. అత్తకి బీపీ మాత్ర గుర్తు చేయాలి, వేసుకుందో లేదో మళ్ళీ అడగాలి. కూతురి కాలేజీ చున్నీ ఇస్త్రీ చేయాలి. మధ్యాహ్నానికి కూర, సాయంత్రానికి రుబ్బు. గ్యాసు బుక్ చేయాలి. ఇవన్నీ అయ్యాక, మద్దిలపాలెం బస్సెక్కే లోపల, పటంలో ఉత్తర దిక్కు చూపించే బాణం గుర్తు గీయాలి.

ఆ చివరి పనికి పెన్సిలుతో ఒక్క గీత చాలు. చిన్నప్పుడు పళ్ళెంలో వేపుడు ముక్కని ఆఖరికి దాచుకున్నట్టు దాన్ని వారమంతా దాచుకుంది. గీసింది. పైకి బాణం, దాని పక్కన ఉ అనే అక్షరం. చూసుకుని మురిసిపోయి, కాగితాన్ని గొట్టంలా చుట్టి, రబ్బరు బ్యాండు వేసి సంచిలో పెట్టుకుంది.

సీతాలు వాళ్ళ ఇల్లు మల్కాపురంలో, యారాడ కొండ ఎదురుగా కనపడే ఒక సందులో ఉంది. మామ జగ్గయ్య పోర్టులో ఓడల మీద కళాసీగా చేసిన రోజుల్లో కట్టిన ఇల్లు. ఆయన పోయి చాలా ఏళ్ళయినా కరెంటు బిల్లు ఇప్పటికీ ఆయన పేరునే వస్తుంది. ఇప్పుడు ఆ ఇంట్లో ఉండేది నలుగురు. అత్త వరహాలమ్మ, పోర్టులో క్రేన్ నడిపే మొగుడు సింహాద్రి, ఇంటర్ చదువుతున్న కూతురు సాయిదుర్గ, ఓపెన్ స్కూల్లో అదే ఇంటర్ చదువుతున్న సీతాలు. "మా ఇంట్లో ఇద్దరు ఇంటర్ పిల్లలున్నార్రా బావా" అని సింహాద్రి తోటివాళ్ళని నవ్విస్తుంటాడు. అందులో ఎగతాళి ఎంతో గర్వం ఎంతో సీతాలుకి ఇప్పటికీ తేలలేదు. బహుశా ఆయనకీ తేలి ఉండదు.

పదో తరగతి దాటిన వెంటనే పెళ్ళయింది ఆమెకి. విజయనగరం అవతలి పల్లె నుంచి ఈ సందులోకి వచ్చింది. సాయిదుర్గ కాస్త పెద్దయ్యాక ఒక ప్రైవేటు నర్సరీ బడిలో ఆయాగా కుదిరింది. అక్కడ ఆమెకి పేరు లేదు, ఆయమ్మా అంటే చాలు. పిల్లల ముక్కులు తుడవడం, బాత్రూములు కడగడం, బెంచీలు దులపడం. ఆఫీసు గదిలో బీరువా మీద ఒక గ్లోబు ఉండేది. ఆ బడిలో ఎవరూ దాన్ని కిందకి దించగా ఆమె చూడలేదు. దాని మీద దుమ్ము తుడవడం మాత్రం రోజూ ఆమె పనే. ఒక చేత్తో గుడ్డ ఆనించి రెండో చేత్తో తిప్పేది. నీలం రంగు వేళ్ళ కింద నుంచి జారిపోయేది. ఇంత నీళ్ళేనా, నేల ఇంతేనా అనుకునేది. ఒకరోజు ప్రిన్సిపాల్ మేడమ్ చూసి, ఆయమ్మా అది ఆడుకునేది కాదు అంది. ఆడుకోవట్లేదమ్మా, తుడుస్తున్నాను అని చెప్పి, ఆ మేడమ్ తలతిప్పాక ఇంకోసారి తిప్పింది.

అందుకే ఓపెన్ స్కూల్లో చేరిన రోజు అక్కడి గుమస్తా, హోమ్ సైన్స్ రాసుకోండమ్మా, ఇంట్లో చేసేదే కదా, చదవకుండానే పాసైపోతారు అని సలహా ఇచ్చినప్పుడు సీతాలు ఒప్పుకోలేదు. పక్కన నిలబడ్డ సింహాద్రి కూడా ఔనౌను అదే రాసీండి అన్నాడు. ఆమెకి లోపల ఒక మాట మెదిలింది. ఇంట్లో ఆ పని చేసినన్నాళ్ళూ దాన్ని ఎవరూ సైన్సు అనలేదు, పని అని కూడా అనలేదు, ఖాళీగా ఉంటుంది అన్నారు. ఇప్పుడు చదువుకుందామని గుమ్మం దాటి ఇంత దూరం వస్తే, మళ్ళీ ఆ వంటింటినే పుస్తకం చేసి చేతిలో పెడుతున్నారు. "జాగ్రఫీ రాయండి" అంది. దానికి ప్రాక్టికల్స్ ఉంటాయి, తిరగాలి అన్నాడు గుమస్తా. "తిరుగుతాను" అంది.

తిరిగింది. మిగతా సబ్జెక్టులన్నీ పోయినేడే గట్టెక్కాయి. జాగ్రఫీ థియరీ కూడా బాగానే రాసింది. ప్రాక్టికల్ ఒక్కటే పోయింది. సరిగ్గా ఆ రోజే అత్తకి కంటి శుక్లం ఆపరేషన్. ఇంకో రోజుకి మార్చమని అడగొచ్చా అని ఆమె నోరు తెరిచేసరికి సింహాద్రి, "పరీక్ష మళ్ళీ ఏడు వస్తాది. అమ్మ కన్ను వస్తాదేటి?" అన్నాడు. ఆసుపత్రికి తను సెలవు పెట్టి తీసుకెళ్ళొచ్చని ఆయనకి తోచలేదు; తోచలేదంటే ఆయన చెడ్డవాడని కాదు, తోచాల్సిన అవసరం ఆయనకి ఎప్పుడూ రాలేదు. సీతాలు ఆ రోజంతా ఆసుపత్రి బల్ల మీద కూచుని, గోడకి తగిలించిన ప్రపంచ పటంలాంటి కంటి బొమ్మ చూస్తూ గడిపింది.

ఇప్పుడు మళ్ళీ వచ్చింది ఆ ప్రాక్టికల్. దానికి ముందు తన వీధి పటం తనే గీసి, స్టడీ సెంటర్లో మేడమ్ చేత సంతకం చేయించుకోవాలి. సంతకం లేకపోతే ప్రాక్టికల్‌కి కూచోనివ్వరు. ప్రాక్టికల్ లేకపోతే ఇంటర్ లేదు.

మద్దిలపాలెంలో బస్సు దిగి నాలుగడుగులు వేస్తే స్టడీ సెంటరు. అక్కడ ఆదివారం పూట జాగ్రఫీ చెప్పే కుసుమకుమారి మేడమ్ గట్టిగా మాట్లాడదు. ఆటో నడిపేవాళ్ళనీ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేసి వచ్చేవాళ్ళనీ కూడా గారూ అనే పిలుస్తుంది. సీతాలు పటాన్ని బల్ల మీద పరిచి, దాని పక్కన ఊరి అచ్చు పటాన్ని పరిచింది.

"గీతలు ఎంత బాగున్నాయండీ. కొలతలు కూడా. కానీ మీ యారాడ కొండ ఎక్కడికి పోయిందో చూడండి సీతాలు గారూ."

సీతాలు చూసింది. తన పటంలో కొండ సరిగ్గా కుడిచేతి వైపు ఉంది. అచ్చు పటంలో కుడివైపు కిందకి దిగి ఉంది. సముద్రపు ఒడ్డు కూడా తను అనుకున్నట్టు నిట్టనిలువుగా లేదు. ఎవరో కాగితాన్ని పట్టుకుని పక్కకి వంచినట్టు ఏటవాలుగా పోయింది.

విశాఖలో ఉండేవాళ్ళు చేసే తప్పే ఇది, నేనూ చేశాను అని చెప్పింది మేడమ్. సముద్రం తూర్పున, కొండలు పడమర అని పుట్టినప్పటి నుంచి అనుకుంటాం, ఎవరూ వెళ్ళి చూడరు. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి పోతుంది, సముద్రం మనకి ఆగ్నేయంలో ఉంది అంది. సీతాలుకి మాత్రం నమ్మకం కుదరలేదు. తమది తూర్పు ముఖం ఇల్లేనని, మామగారు ఉదయించే సూర్యుడికి ఎదురుగా నిలబడి గుమ్మానికి ముగ్గు పోయించారని చెప్పింది.

"ఏ నెలలో పోయించారు?"

"మార్గశిరంలో మేడమ్. లక్ష్మివారం."

మేడమ్ నవ్వి బోర్డు మీద ఒక గుండ్రం గీసింది. సూర్యుడు సరిగ్గా తూర్పున పుట్టేది ఏడాదికి రెండు రోజులే. మార్గశిరం వచ్చేసరికి బాగా దక్షిణానికి జరిగిపోతాడు. పైగా మీకు ఎదురుగా కొండ ఉంది, దాని మీదకి ఎక్కి కనపడేసరికి ఇంకాస్త జరుగుతాడు. మీ మామగారు సూర్యుణ్ణి సరిగ్గానే చూశారు, ఆ రోజు సూర్యుడు ఉన్న చోటు తూర్పు కాదు, అంతే. ఇలా చెప్పి, సంచిలోంచి అరచేతిలో ఇమిడే దిక్సూచి తీసి ఇచ్చింది. "బాణం ఒక్కటే తప్పండీ. కానీ అది తప్పితే ఊరంతా పక్కకి తిరిగిపోతుంది. వచ్చే ఆదివారానికి సరిచేసి తీసుకురండి, సంతకం పెడతాను. ఇనప వస్తువుల దగ్గర మాత్రం చూడకండి."

ఇంటికి వచ్చి, ఆ మాట మర్చిపోయి, సీతాలు ముందుగా వంటింట్లోనే చూసింది. ముల్లు గిర్రున తిరిగి గ్యాసు సిలిండర్ వైపు నిలబడింది. ఈ ఇంట్లో ఎవరిని తెచ్చి నిలబెట్టినా అటే తిప్పుకుంటుంది కాబోలు అనుకుని ఒక్కతే నవ్వుకుంది.

ఆ వంటింటి గురించి ఒక మాట చెప్పాలి. ఆ ఇంట్లో అది కుడివైపు ముందు మూల, చిన్న గది. తూర్పు ముఖం ఇంటికి ఆ మూల ఆగ్నేయం అవుతుంది కనక పొయ్యి అక్కడే పెట్టారు. ఆ గదికి ఒకప్పుడు పక్క గోడలో కిటికీ ఉండేది. సింహాద్రి చదువుకునే వయసులో ఉండగా జగ్గయ్య ఓడ నిచ్చెన మీంచి జారిపడి చాలాకాలం మంచాన ఉన్నాడు. అప్పుడు సందు చివర ఉండే శ్రీరామ్మూర్తి గారు, ఆయనకి కాస్త వాస్తు తెలుసు, వచ్చి చూసి, దక్షిణపు గోడకి కిటికీ ఏమిటి, అది యముడి దిక్కు అన్నారు. ఇటుకలు పెట్టి మూసేశారు. సీతాలు కాపరానికి వచ్చేనాటికే అది గోడ. సున్నం వేసిన ప్రతిసారీ తడి ఆరేవరకూ దాని కింద కిటికీ ఆకారం నాలుగు పలకలుగా తేలి కనపడేది, తర్వాత మాయమయ్యేది. పొగ పోవడానికి దారి లేదు. వేసవిలో ఆ గదిలో పోపు పెట్టి బయటకి వస్తే ముఖం ఉడికిన దుంపలా ఉండేది. ఎప్పుడైనా అంటే, మా అమ్మ ఊక పొయ్యి మీద వండినాది, నీకు గ్యాసుంది అనేవాడు సింహాద్రి.

సందులోకి వచ్చి, కరెంటు స్తంభానికి దూరంగా, నడిమధ్యన నిలబడి మళ్ళీ చూసింది. ఎదురింటి తవిటమ్మ చేట పట్టుకుని బియ్యం ఏరుతూ, "ఏటే సీతాలూ, ముక్కుపుడక పడిపోనాదేటి?" అంది. దిక్కులు చూస్తున్నానప్పా అంటే, "మా ఆయన రోజూ అదే పని" అని నవ్వింది. సీతాలు చెయ్యి కదపకుండా నిలబడింది. ముల్లు వణికి, కుదురుకుని, ఒక చోట ఆగింది. అటు చూసి, తమ గుమ్మం వైపు చూసింది. అరుగు దిగి ఎక్కి, ఆ చివర నుంచి ఈ చివరకి నడిచి, మళ్ళీ మళ్ళీ చూసింది. ముల్లు ఒకటే మాట చెప్పింది. గుమ్మం చూస్తున్నది ఆగ్నేయాన్ని.

సాయంత్రం సింహాద్రి వచ్చి అరుగు మీద తన ప్లాస్టిక్ కుర్చీలో కూచున్నాక, మాట సాయిదుర్గ నోటి నుంచి వచ్చింది. తల్లి చెప్పింది నమ్మక ఫోన్లో పటం తెరిచి చూసింది ఆ పిల్ల. అందులోనూ అంతే. "నాన్నా, అమ్మ కరెక్టే. ఆగ్నేయం అంటే ఇప్పుడు నువ్వు కూచున్న చోటు. వాస్తు ప్రకారం పొయ్యి నీ కుర్చీ దగ్గర పెట్టాలి" అని పకపకా నవ్వింది. సీతాలుకీ నవ్వొచ్చింది. సింహాద్రి నవ్వలేదు.

"మా నాన్నకి తూరుపు తెల్దంటారేటి?" అన్నాడు. కేకలు వేయలేదు. నెమ్మదిగానే అన్నాడు. "నాను రోజూ ఎంత ఎత్తుకెక్కుతానో మీకు తెల్దు. ఆ కిటికీ మూసీసిన కాణ్ణించీ ఈ ఇంట్లో ఎవుడూ పడనేదు. ఇప్పుడు ఆ దిక్కు కాదు ఈ దిక్కు అని నీ పటం పట్టుకుని పదిమందికి సూపిత్తావా? తూరుపనే గీసీ. సంతకమే కదా కావాల." ఇంకో మాట కలిపాడు. "నేకపోతే మానీ. పోయినేడు మానీసినావు. ఏటయ్యింది?"

ఏటయ్యింది. గిన్నెలు తోముతున్నంతసేపూ ఆ మాట సీతాలు చెవిలో తిరిగింది. ఏమీ అవలేదు, నిజమే. ఆమె పరీక్షకి వెళ్ళకపోతే ఇంట్లో అన్నం ఆగలేదు, కుళాయి ఆగలేదు, పోర్టులో ఓడలు ఆగలేదు. ఆమె ఏది మానేసినా ఎవరికీ ఏమీ కాకుండా చూసుకునే పని కూడా ఇన్నాళ్ళూ ఆమే చేసింది మరి. కానీ ఆయన మొదటన్న మాట కూడా ఆమె మనసులోంచి పోలేదు. ఆయన భయం ఆమెకి తెలుసు. తండ్రి మంచాన పడడం కళ్ళారా చూసిన మనిషి, రోజూ గాలిలో అంతెత్తున కూచుని పని చేసే మనిషి, నాలుగు ఇటుకల మీద ధైర్యం పెట్టుకున్నాడు. ఆ ధైర్యాన్ని తను ఒక ముల్లుతో తీసేస్తోంది. ఆయన దగ్గర నుంచి అది తీసుకుని బదులుగా ఇవ్వడానికి ఆమె దగ్గర ఏముంది? అలాగని తెలిసి తెలిసి తప్పు గీయగలదా? గ్లోబు తిప్పిన చేత్తో?

మర్నాడు బడి నుంచి వచ్చి, మధ్యాహ్నం పనులయ్యాక, నేల మీద కొత్త కాగితం పరుచుకుని కూచుంది. ఆమె ఒక ఉపాయం ఆలోచించింది. బాణం సరిగ్గా గీస్తుంది, సందంతా ముల్లు చెప్పినట్టే తిప్పి గీస్తుంది. తమ ఇల్లు మాత్రం తీసేస్తుంది. ఆ చోటు ఖాళీ స్థలంలా వదిలేస్తే ఎవరి నాన్న మీదా మాట రాదు. సంతకమూ దొరుకుతుంది. ఇది ఎవరినీ నొప్పించని దారి. ఇన్నేళ్ళ కాపరంలో ఆమె నేర్చుకున్న దారులన్నీ అలాంటివే.

వరహాలమ్మ గోడ పట్టుకుని వచ్చి పక్కన కూచుంది. ఆమెకి చదువు రాదు. ఆపరేషన్ అయిన కంటితో కాగితం మీదకి వంగి, ఈ పెట్టెలేటే అని అడిగింది. ఇళ్ళు అత్తా అని సీతాలు చెప్పింది. ముసలామె వేలు పెట్టి సందు మొదటి నుంచి ఒక్కో పెట్టె ముట్టుకుంటూ ఇంటింటికీ నడిచినట్టు వచ్చి, ఒక చోట ఆగిపోయింది.

"మనిల్లేదే?"

"మనది తీసీసానత్తా. ఆయన గొడవెందుకని."

వరహాలమ్మ ఆ ఖాళీ మీంచి వేలు తీయలేదు. చాలాసేపు దగ్గి, ఊపిరి కూడదీసుకుంది. "ఈ ఇంటికి ఇసకా ఇటికా మోసినాను. ఆ కిటికీ మూసిన నాడు మీ మావ మంచం మీదున్నాడు, కూలోడు ఒక్కడే వచ్చినాడు. ఇటికలు అందించినాదీ నానే, సున్నం కలిపినాదీ నానే. నన్నెలగ తీసేత్తావే నువ్వు?"

సీతాలు పెన్సిలు కింద పెట్టింది. లేచి, దిక్సూచి తీసుకుని, అత్త చెయ్యి పట్టుకుని సందులోకి నడిపించింది. అరచేతిలో పెట్టి, ఆ ఎర్ర ముల్లు చూపించేది ఉత్తరం అత్తా, దానికి సరిగ్గా వెనకది దక్షిణం అని చెప్పింది. వరహాలమ్మ రెండు చేతులతో దాన్ని హారతి పళ్ళెంలా పట్టుకుని ముల్లు కదలడం ఆగేదాకా ఊపిరి బిగపట్టింది. తర్వాత దాని వెనక కొస పట్టుకుని చూపుతో మెల్లగా నడిచింది. చూపు ఇంటి మూలని తాకింది. గోడని తాకలేదు.

"మరా గోడ?"

"అది నైరుతి అత్తా. యముడి దిక్కు కాదు. వానాకాలం గాలి వచ్చే దిక్కు. మా పుస్తకంలో ఉంది."

తవిటమ్మ చేట పక్కన పెట్టి దగ్గరకి వచ్చింది. "అలగైతే," అంది వరహాలమ్మ, "నాను ఇన్నేళ్ళూ దగ్గినాది ఏ దిక్కు కోసమే?"

కబురు ఎలా చేరిందో గాని సాయంత్రానికి శ్రీరామ్మూర్తి గారు వచ్చారు. మంచివారే, ఆ సందులో ఎవరికి జ్వరం వచ్చినా వచ్చి పలకరిస్తారు. సింహాద్రి ఆయనకి తన కుర్చీ ఇచ్చి తను అరుగు అంచున కూచున్నాడు. టీ తాగి, విషయం విని, ఆయన తల పంకించారు. నైరుతి అయితే ఇంకా మూసే ఉంచాలమ్మా, నైరుతి బరువుగా ఉండాలి, కిటికీ అసలు పనికిరాదు అన్నారు. సింహాద్రి ముఖం తేలికపడింది. సీతాలు గ్లాసులు తీయడానికి వంగింది. అప్పుడు తలుపు చాటు నుంచి వరహాలమ్మ అరుగు మీదకి వచ్చింది. మగవాళ్ళు మాట్లాడుకుంటుంటే ఆమె అలా వచ్చి నిలబడడం ఎవరూ ఎరగరు.

"బాబూ, ఆనాడు దచ్చినం అని మూయించినావు. ఈనాడు నైరుతి అంటన్నావు. రేపింకేటంటావో. నా కోడలి సేతిలో ముల్లు మాత్రం నిన్నటినించీ ఒకటే మాట మీదున్నాది."

శ్రీరామ్మూర్తి గారు నవ్వబోయి ఆగారు. ఆమె కొడుకు వైపు తిరిగింది. "నీ భయం నాకు తెల్దేటిరా. మీ నాన్న పడినాడు. పడి లేచినాడు. లేచిన మనిషికి గంజి కాసి పోసినాను ఆ పొగలో. కిటికీ మూసినాక ఎవుడూ పడనేదు అంటన్నావు. నాను పడినాను కాదేటి? మంచం మీద పడితేనే పడినట్టా?" మళ్ళీ దగ్గు వచ్చింది. తగ్గాక అంది. "నా కన్ను కోసం దీని పరీచ్చ పోనాది పోయినేడు. ఒక్కలూ అడగనేదు, నానూ అడగనేదు. ఈ పాలి మనిల్లు ఎలగున్నదో అలగే గీత్తాది."

సింహాద్రి కొండ వైపు తిరిగి కూచున్నాడు. గీయమనలేదు, గీయొద్దనలేదు. శ్రీరామ్మూర్తి గారు మెల్లగా, సింహాద్రీ, నేను కూడా ఏనాడూ ముల్లు పెట్టి చూళ్ళేదులే అని, చెప్పులేసుకుని వెళ్ళిపోయారు.

సీతాలు ఆ వారం కొత్త పటం మొదలుపెట్టింది. ఈసారి ఇల్లు వదల్లేదు. గుమ్మం ఆగ్నేయానికి తిప్పింది. ఇళ్ళ పేర్లు రాయాల్సి వచ్చినప్పుడు అత్తని పక్కన కూచోబెట్టుకుని, ఇది ఎవరిల్లు, ఇది ఎవరిల్లు అని అడిగింది. వరహాలమ్మ సందులో అందరూ అనేట్టే మగవాళ్ళ పేర్లు చెప్పుకుంటూ పోయింది. అందులో సగం మంది ఇప్పుడు లేరు. ఒకాయన ఉక్కు ఫ్యాక్టరీ డ్యూటీల్లో పడి పండక్కి కూడా కనపడడు. సీతాలు పెన్సిలు ఎత్తి పట్టుకుని ఆలోచించింది. పగలంతా ఈ ఇళ్ళలో ఉండేదెవరు? బొగ్గు పొడి తుడిచేదెవరు? తను ఈ సందులో ఉప్పుకో పాలకో వెళ్ళి తలుపు కొట్టేటప్పుడు ఏ పేరుతో పిలుస్తుంది? అలా అనుకుని, పిలిచే పేర్లే రాసింది. తవిటమ్మ ఇల్లు. నారాయణమ్మ ఇల్లు. పోతమ్మ ఇల్లు. తమ పెట్టె దగ్గరకి వచ్చాక, అక్షరాలు కాస్త లావుగా దిద్దింది.

"అక్కడేటి రాసావే?"

"వరహాలమ్మ ఇల్లు అని."

ముసలామె కాగితం మీదకి వంగింది. పెన్సిలు గీత చెరిగిపోతుందేమోనని వేలు ముట్టించకుండా, గాల్లోనే దాని మీంచి పోనిచ్చింది.

ఆదివారం మేడమ్ సంతకం పెట్టింది. ప్రాక్టికల్ రోజు పొద్దున కుళాయీ క్యారేజీ తుడుపూ ఎప్పట్లాగే ఉన్నాయి. కానీ సీతాలు మాత్ర సంగతి అడగబోతుంటే వరహాలమ్మ ఖాళీ రేకు చూపించి, "ఏసీసుకున్నాను, నువ్వెల్లు" అంది. తొందరలో పచ్చడి డబ్బా మర్చిపోయి అన్నం పక్కనే పెట్టేసింది సీతాలు. అది బస్సులో గుర్తొచ్చి నాలిక కరుచుకుంది. సాయంత్రం క్యారేజీ చూస్తే ఒక్క మెతుకు లేకుండా ఖాళీగా ఉంది. సింహాద్రి దాని ఊసెత్తలేదు.

బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు పటం చూసి, బాణం చూసి, బాగుందన్నాడు. తర్వాత పేర్ల మీద వేలు పెట్టి, ఇదేమిటమ్మా, అందరూ ఆడవాళ్ళే ఉన్నారు, మీ వీధిలో మగవాళ్ళు లేరా అని అడిగాడు. ఉన్నారండీ, డ్యూటీలో ఉన్నారు అంది సీతాలు. పటం గీసిన వేళకి ఇళ్ళలో ఎవరున్నారో వాళ్ళ పేర్లే రాశానండీ. ఆయన ఒక క్షణం చూసి, మార్కులు వేసుకున్నాడు.

పాసయింది. నర్సరీ బడిలో ఆ సంగతి చెబితే, ప్రిన్సిపాల్ మేడమ్ ఆశ్చర్యపోయి, ఏ సబ్జెక్టు ఆయమ్మా అని అడిగింది. "జాగ్రఫీ అండీ. నా పేరు సీతాలు" అని చెప్పి, బీరువా మీంచి గ్లోబు దించి, తుడిచి, పిల్లల బల్ల మీద పెట్టింది. దాన్ని మళ్ళీ పైకి ఎక్కించమని ఎవరూ అనలేదు. వచ్చే ఏడు దూరవిద్యలో బి.ఏ. చేరాలని, అందులోనూ జాగ్రఫీయే తీసుకోవాలని ఆమె అనుకుంది. ఈసారి ఎవరినీ అడగలేదు, ఇంట్లో చెప్పింది అంతే.

కిటికీ మాటకొస్తే, మే నెల ఆఖర్లో ఒక సెలవు రోజున సింహాద్రి ఎక్కడి నుంచో గునపం తెచ్చుకుని వంటింట్లోకి వచ్చాడు. గోడ ముందు నిలబడి, చెయ్యి రాక, అటూ ఇటూ చూస్తుంటే వరహాలమ్మ వచ్చి గునపం మీద తన చెయ్యి వేసింది. మొదటి దెబ్బ తల్లీ కొడుకూ కలిసి వేశారు. ఊడిన ఇటుకల్ని ఆమె ఒక్కొక్కటే అందుకుని పక్కన పేర్చింది; పక్కనున్న సీతాలు వద్దన్నా వినలేదు. కన్నం పడగానే గాలి ఒక్కసారిగా లోపలికి వచ్చి, పాతకాలపు మసినంతా లేపి ముగ్గురి ముఖాలనీ నల్లగా చేసింది. సాయిదుర్గ ఫోన్లో ఫోటో తీసింది. అందులో సింహాద్రి పళ్ళు మాత్రమే కనపడుతున్నాయి. నవ్వుతున్నాడు. మర్నాడు క్రేన్ ఎక్కే ముందు ఇంటికి ఫోన్ చేసి, ఎక్కుతన్నాను అన్నాడు. దిగాక మళ్ళీ చేసి, దిగినాను అన్నాడు. ఇప్పుడు రోజూ చేస్తాడు. ఆ రెండు మాటలూ సీతాలు ఆ కిటికీ దగ్గర నిలబడే వింటుంది.

జూన్‌లో వాన గాలి మొదలైంది. ఇప్పుడు మధ్యాహ్నం పనులయ్యాక వరహాలమ్మ వంటింట్లోనే, ఆ కిటికీ కింద పీట వేసుకుని కూచుంటుంది. దగ్గు పూర్తిగా పోలేదు, ఆ వయసులో పోదు కూడా. కానీ మాట మధ్యలో ఆగి, చెంగు సర్దుకుని, ముఖం గాలి వైపు తిప్పుకుంటుంది. పక్కన సీతాలు పుస్తకం పెట్టుకుని పైకి చదువుతుంటుంది, ఆమె వింటుంది.

మీలో జాగ్రఫీ చదివేవాళ్ళు ఉంటారు. నైరుతి రుతుపవనాలు అన్న మాట ఎప్పటికైనా మీ పుస్తకంలో వస్తుంది. అవి ఎక్కడ పుట్టి ఎటు వీస్తాయో బాణం గుర్తులు కూడా ఉంటాయి. అక్కడ ఒక్క నిమిషం ఆగి, మల్కాపురంలో తన గాలికి అడ్డంగా తనే ఇటుకలు మోసి, మళ్ళీ తన చేత్తోనే వాటిని తీసి పక్కన పేర్చిన వరహాలమ్మ అనే మనిషిని గుర్తు చేసుకోండి.